బ్రిటన్ వేరుపడితే మన రొయ్యకేంటి?

ప్రశ్న: భీమవరం దగ్గర మాకు వనామీ రొయ్యల చెరువుంది. బ్రిటన్ యూరప్ కూటమి నుంచి బయటికొచ్చాక సరుకు పంపడంలో ఏం మారిందండీ?

జవాబు: మీ చెరువు గట్టు మీద ఏమీ మారలేదు, మారిందంతా కంటైనర్ కాగితాల్లోనే. 2020 డిసెంబరు 31 దాకా నెదర్లాండ్స్‌లోని రాటర్‌డ్యామ్ రేవులో ఒక్కసారి సుంకం కట్టి దింపిన రొయ్య లండన్ దాకా అడ్డు లేకుండా వెళ్లేది. ఇప్పుడలా కుదరదు. అక్కడ సుంకం కట్టి విడిపించిన సరుకుకి బ్రిటన్‌లో మళ్లీ కట్టాలి.

‘బ్రిటన్, యూరప్ కూటమి మధ్య సుంకం లేదుగా’ అంటారు కొందరు. అది వాళ్ల సొంత సరుకుకే. మన రొయ్యను బ్రిటన్‌లో వలిచి, ప్యాకెట్ మార్చినా అది భారత రొయ్యే. ఫ్రాన్స్‌కి పంపితే సుంకం పడుతుంది. బోల్తా పడే చోటు ఇదే. అందుకే ఆర్డరు తీసుకునేటప్పుడే సరుకు చివరికి ఏ దేశంలో అమ్ముతారో ఎగుమతిదారు తేల్చుకోవాలి, ఆరోగ్య ధ్రువపత్రం ఆ దేశం అడిగే నమూనాలోనే తీయించాలి. సరుకుల విషయంలో బ్రిటన్ కిందే ఉన్న ఉత్తర ఐర్లండ్ మాత్రం చాలావరకు యూరప్ నిబంధనల్లోనే ఉంది, అదో తిరకాసు.

ఇక క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ అనే యాంటీబయోటిక్ మందుల అవశేషాలు రొయ్యలో దొరికితే రెండు చోట్లా తిప్పి పంపుతారు. ఆ మందులు మాత్రం చెరువు దరికి రానివ్వకండి.