సబ్సిడీ అడక్కు, లెక్క మార్చమను

చిరంజీవి శ్రీనుకి,

బాబాయి ఆశీస్సులు. మన చిన్న బిల్డర్ల సంఘం తరఫున ప్రభుత్వానికి ఇవ్వడానికి నువ్వు రాసిన వినతిపత్రం చిత్తుప్రతి వాట్సాప్‌లో చదివాను. మాడ్యులర్ కట్టుబడిని, అంటే ముక్కలు ఫ్యాక్టరీలో చేయించి సైట్‌లో బిగించే పద్ధతిని, మనలాంటివాళ్ళకి అందుబాటులోకి తేవాలన్న ఉద్దేశం బాగుంది. కానీ మొదటి డిమాండే సబ్సిడీ అని పెట్టావు. అది తీసెయ్యి. ఆ మాట కనపడగానే ఫైలు ఆర్థిక శాఖకి పోతుంది, అక్కణ్ణుంచి ఎప్పుడొస్తుందో నీకూ తెలుసు.

అసలు ఇబ్బంది ఎక్కడుందో చెప్తా విను. పన్నులు, లోన్లు, పర్మిషన్లు, అన్నిటి రూల్సూ పనంతా సైట్‌లోనే జరుగుతుందని అనుకుని రాసినవి. గోడలు, మెట్లు, స్లాబ్ ముక్కలు ఫ్యాక్టరీలో తయారైతే ఆ పని ఎవరి లెక్కలోకీ రాదు. ఫ్యాక్టరీలో జరిగిన పనిని కూడా పనిగా లెక్క కట్టండని అడగడమే నీ వినతిపత్రం. మిగతా డిమాండ్లు దీనికి అతికితే ఉంచు, లేకపోతే కొట్టెయ్యి.

పన్నుతో మొదలుపెట్టు, కాగితం మీద లెక్క వేసి చూపించొచ్చు. 2019 ఏప్రిల్ 1 నుంచి, కట్టుబడిలో ఉన్న ఫ్లాటు అమ్మితే 5 శాతం జీఎస్టీ, అందుబాటు ధర ఇల్లయితే 1 శాతం. ఇన్‌పుట్ క్రెడిట్ లేదు కాబట్టి మనం కొన్న సరుకు మీద కట్టిన పన్ను తిరిగి రాదు. ప్రీకాస్ట్ గోడలు, అంటే ఫ్యాక్టరీలో ముందే పోసినవి, లక్ష రూపాయలకి కొన్నావనుకో, వాటి మీద 18 శాతం. ఆ లక్షలో ఫ్యాక్టరీ కూలీ, లాభం కలిపి ముప్పై వేలు అనుకుందాం. సిమెంటు, స్టీలు మీద పన్ను ఎక్కడ కట్టినా తప్పదు. ఈ ముప్పై వేల మీద పడే 5,400 మాత్రం అదనపు బరువు. అవే గోడలు మన మేస్త్రీ సైట్‌లో కడితే కూలీ డబ్బుల మీద మామూలుగా ఆ పన్నుండదు. గోడలు అవే, కట్టిన చోటు మారిందని పన్ను పెరుగుతోంది. ఈ లెక్క ఒక్క పేజీలో వేసి పెట్టు.

క్రెడిట్ వెనక్కి ఇవ్వమని మాత్రం అడక్కు. ఇస్తాం గానీ రేటు పెంచుతామంటారు, అది కొనేవాడి నెత్తిన పడుతుంది, అప్పుడు వద్దని మళ్ళీ మనమే ధర్నాకి కూర్చుంటాం. ఇళ్ళకి వాడే ప్రీకాస్ట్ గోడలు, మెట్లు, రెడీమేడ్ బాత్రూంల మీద రేటు తగ్గించమను, చాలు. 2025 సెప్టెంబరులో సిమెంటునే 28 నుంచి 18కి దించారు కదా.

తర్వాతది డబ్బు చేతికొచ్చే వరస. మన దగ్గర కొనేవాళ్ళ హోమ్ లోన్ స్లాబుల లెక్కన విడుదలవుతుంది. పునాదికి కొంత, ఒక్కో స్లాబుకి ఇంత అని. ఫ్యాక్టరీవాడేమో ఆర్డరుతో పాటే అడ్వాన్స్ అడుగుతాడు, లారీ ఎక్కించే ముందు దాదాపు మొత్తం అడుగుతాడు. బోడుప్పల్‌లో నాకు తెలిసిన ఒకాయన ఇలాగే ఇరుక్కున్నాడు. గోడలన్నీ తయారై యార్డులో నిలబెట్టి ఉన్నాయి, ఒక్కోదాని మీద ఎర్ర పెయింటుతో ఫ్లోరు నంబరు, గది నంబరు కూడా రాశారు. బ్యాంకు వాల్యుయర్ సైట్‌కి వస్తే కనపడింది పునాది, పిల్లర్ల ఊచలు. పని పునాది దగ్గరే ఉందని రాసి వెళ్ళిపోయాడు. పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు, ఫారంలో యార్డు అనే గడే లేదు. మధ్యలో ఆ నెలలు గడవడానికి బిల్డరు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకున్నాడు. మాడ్యులర్ వల్ల మిగిలిన టైమంతా వడ్డీకే పోయింది.

రెరాలోనూ, అదే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టంలోనూ, ఇదే తంతు. 500 చదరపు మీటర్లు, 8 ఫ్లాట్ల లోపు వాళ్ళకి రిజిస్ట్రేషన్ బెడద లేదు గానీ, అది దాటినవాళ్ళు కొనుగోలుదారుల డబ్బులో 70 శాతం విడి ఖాతాలో ఉంచాలి. పని ఎంత శాతమైందో ఇంజినీరు, ఆర్కిటెక్టు, సీఏ సర్టిఫై చేస్తేనే ఆ మేరకు తీసుకోవాలి. ప్రాజెక్టు పేరున నంబరు వేసి, ఇన్సూరెన్స్ చేసి, యార్డులో ఉంచిన గోడల్ని కూడా పూర్తయిన పనిలో కలపనివ్వమని అడుగు. దీనికి చట్టం మార్చక్కర్లేదు, రెరా అథారిటీ సర్క్యులర్ ఇస్తే సరిపోతుందని నా నమ్మకం. ఫ్యాక్టరీ మూతపడితే కొనేవాడి గతేంటని వాళ్ళు తప్పకుండా అడుగుతారు, ఆ అడగడం న్యాయమే. అందుకే ఇన్సూరెన్స్ మాట, ఆ గోడలు ఇంకెవరికీ అమ్మకూడదన్న షరతు మనమే ముందు రాయాలి.

పర్మిషన్ల దగ్గర నువ్వు తనిఖీలు తగ్గించమన్నావు. నేనైతే తనిఖీ పెంచమంటాను, అదీ గోడ ముక్కలు కలిసే జాయింట్ల దగ్గర. 1968లో లండన్‌లో రోనన్ పాయింట్ అనే రెడీమేడ్ గోడ ప్యానెళ్ళతో కట్టిన 22 అంతస్తుల బిల్డింగ్‌లో, 18వ అంతస్తులో గ్యాస్ పేలి ఒక గోడ ఊడితే, ఆ మూలంతా పైనుంచి కిందిదాకా కూలింది. గోడలు గట్టివే, వాటిని కలిపిన చోటే బలం లేదు. ఆఫీసర్ల మనసులో ఉన్న భయం ఇదే, పైకి చెప్పరు. తెలంగాణ భవన అనుమతుల చట్టం టీజీ బీపాస్ కింద 500 చదరపు మీటర్ల స్థలం, 10 మీటర్ల ఎత్తు దాకా మన హామీ మీదే అనుమతిచ్చే సెల్ఫ్ సర్టిఫికేషన్ ఉండనే ఉంది. దానికి తోడు, కొత్త కట్టుబడి పద్ధతుల్ని పరీక్షించే కేంద్ర సంస్థ బీఎంటీపీసీ పనితీరు సర్టిఫికెట్ ఉన్న పద్ధతులకి జాయింటు డ్రాయింగులు ఒక్కసారి ఆమోదించి ఉంచమను. ఆ డ్రాయింగు ఎవరు వాడుకున్నా ఫైలు మళ్ళీ మొదటికి రాకూడదు. బదులుగా ప్రతి అంతస్తులో జాయింట్లలో గ్రౌటు, అంటే సందులు నింపే సిమెంటు ముద్ద, పోసేటప్పుడు స్ట్రక్చరల్ ఇంజినీరు పక్కనే ఉంటాడని, ఫొటోలు అప్‌లోడ్ చేస్తాడని మనం ఒప్పుకోవాలి. రెరాలో ఐదేళ్ళ స్ట్రక్చర్ బాధ్యత ఎలాగూ మన మీదే ఉందాయె.

నువ్వు పెట్టిన చెన్నై, రాంచీ లైట్ హౌస్ ప్రాజెక్టుల (కొత్త పద్ధతుల్లో కేంద్రం కట్టించిన నమూనా ఇళ్ళ) ఫొటోలు తీసెయ్యి. అవి ఒక్కోచోట వెయ్యి ఇళ్ళు కట్టిన ప్రాజెక్టులు. అచ్చులు అన్నిసార్లు వాడితేనే వాటి ఖరీదు రాబట్టుకోగలరు. మనం ఏడాదికి ఒకటో రెండో బిల్డింగులు కడతాం. ఉప్పల్, కుత్బుల్లాపూర్ యార్డుల్లో హైదరాబాద్ మెట్రో వంతెన ముక్కలు పోసినట్టు మనకీ ఒక యార్డు కావాలి, కాకపోతే పదిమంది కలిసి వాడుకునేది. కేంద్ర ఎంఎస్ఎంఈ (చిన్న పరిశ్రమల) శాఖ క్లస్టర్ పథకంలో ఉమ్మడి సౌకర్య కేంద్రాలకి సాయం ఉంది. కొత్త పథకం పెట్టమనే బదులు, ఉన్న దాంట్లో మనకి చోటివ్వమని అడగడం తేలిక.

గదులకి గదులే తెచ్చి పెట్టే పద్ధతి మన గల్లీలకి కుదరదు. మామూలు లారీకి అనుమతించిన వెడల్పు 2.6 మీటర్లు, అది దాటితే వేరే పర్మిషన్. పైగా ఇరవై అడుగుల రోడ్డు, మూలన ట్రాన్స్‌ఫార్మర్, పైన కరెంటు తీగలు. ముందు మెట్లు, లింటెళ్ళు, గోడ ప్యానెళ్ళు అని రాయి. క్రేన్ నిలబెట్టే రోజున లైన్ ఆపడానికి కరెంటోళ్ళు తేదీ ముందే చెప్పాలన్న ముక్క కూడా చేర్చు. చిన్న విషయమే గానీ, క్రేన్ అద్దె కట్టినవాడికి తెలుస్తుంది దాని విలువ.

ఇక అన్నీ ఒకే వినతిపత్రంలో కలిపి మంత్రిగారి చేతిలో పెట్టి ఫొటో దిగకండి. జీఎస్టీ లెక్క రాష్ట్ర ఆర్థిక మంత్రికి, ఎందుకంటే రేట్లు తేల్చే జీఎస్టీ కౌన్సిల్‌లో కూర్చునేది ఆయన. సర్క్యులర్ సంగతి రెరాకి, జాయింట్ల పేజీ పురపాలక శాఖకి, లోన్ల విషయం రాష్ట్ర స్థాయి బ్యాంకర్ల కమిటీకి. ఎవరి కాగితం వాళ్ళకే. వెళ్ళేటప్పుడు కార్పొరేటర్‌ని కాకుండా స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని వెంట తీసుకెళ్ళు. జాయింటు మీద వాళ్ళడిగే మొదటి ప్రశ్నకి జవాబు చెప్పగలిగేది అతనొక్కడే.

మార్చిన కాపీ ఈ ఆదివారంలోగా పంపు, చూసి పెడతాను.

మీ బాబాయి