గోదావరి అవతల జరిగితే మన ఠాణాలో చెప్పకూడదా?

ప్రశ్న: మాది మహారాష్ట్రలోని సిరొంచ తాలూకా, గోదావరి దాటితే తెలంగాణ. జిల్లా పరిషత్ బడిలో టీచర్‌ని. నాలుగో తరగతి పాప ఒకతి, తొమ్మిదేళ్లు, దీపావళి సెలవులకు నది అవతల మేనమామ ఇంటికి వెళ్లొచ్చిన దగ్గర్నుంచి పూర్తిగా మారిపోయింది. ఎవరితోనూ మాట్లాడదు, క్లాసులో నిద్రపోతుంది, రెండుసార్లు బట్టలు తడుపుకుంది. మొన్న ఒక్కటే మాట అన్నది, "మామ రాత్రి నా పక్కన పండుకుంటడు, నాకు భయమైతది" అని. సంక్రాంతికి మళ్లీ తీసుకెళ్తాడట. మా హెడ్‌మాస్టర్ గారేమో "జరిగింది తెలంగాణలో, మనకెందుకు, తల్లిని పిలిచి చెబుదాం" అంటున్నారు. తప్పని తేలితే నా గతేంటి మేడమ్?

జవాబు: టీచరమ్మా, సంక్రాంతి దాకా ఆగొద్దు, ఇది రేపు చూద్దాంలే అనుకునే పని కాదు.

బడిలో నిద్రపోవడం, బట్టలు తడుపుకోవడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం, వీటిలో ఏ ఒక్కటీ సాక్ష్యం కాదు, జ్వరం వల్లో ఇంట్లో గొడవల వల్లో కూడా పిల్లలు అలా అవుతారు. కానీ ఇక్కడ అన్నీ ఒకేసారి, ఒకే ప్రయాణం తర్వాత మొదలయ్యాయి, పైగా పాప తన నోటితో ఒక మాట చెప్పింది. రుజువు వెతకడం మీ పని కాదు, అది పోలీసుల పని. పిల్లల మీద లైంగిక నేరాల కోసం తెచ్చిన 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం నేరం జరిగిందని తెలిసినా, జరగబోతుందన్న భయం ఉన్నా సరే, ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. హెడ్‌మాస్టర్‌కి చెప్పేశాను కదా అంటే మీ బాధ్యత తీరదు, ఆయనకూ ఇదే సెక్షన్ వర్తిస్తుంది.

మన పక్క జిల్లా చంద్రపూర్ సంగతే చూడండి. రాజూరాలో ఒక స్కూల్ హాస్టల్లోని మైనర్ ఆదివాసీ అమ్మాయిల మీద అఘాయిత్యం జరిగినప్పుడు, వాళ్లకు వైద్యం చేసిన డాక్టర్ తెలిసీ పోలీసులకు చెప్పలేదని కేసు పెట్టారు. హైకోర్టు ఆయన మీద ఎఫ్ఐఆర్ కొట్టేస్తే, 2022 నవంబరు 2న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును రద్దు చేసింది. తెలిసీ చెప్పకపోవడం తీవ్రమైన నేరమనీ, చాలాసార్లు అది నేరం చేసినవాళ్లను కాపాడే ప్రయత్నమేననీ స్పష్టంగా అన్నది.

ఇక నది అవతల అన్న మాట. పాత సీఆర్‌పీసీ స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా మీ దగ్గరి ఠాణాలో ఫిర్యాదు తీసుకోవాలి, జీరో ఎఫ్ఐఆర్ రాసి అవతలి ఠాణాకు పంపుకోవడం వాళ్ల పని. "నది దాటి కాళేశ్వరం వెళ్లి చెప్పుకోండి" అంటే ఒప్పుకోవద్దు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసినా సాయం దొరుకుతుంది.

తల్లిని పిలవడం గురించి మాత్రం గట్టిగా చెప్తున్నాను, ముందు పోలీసులు, తర్వాతే తల్లి. ఆమె చెడ్డదని కాదు, అవతలివాడు ఆమె తోడబుట్టినవాడు. పరువు కోసం పాప నోరు మూయిస్తారు, బడి మాన్పిస్తారు, అటువైపు పంపించేస్తారు, అప్పుడు ఎవరికీ ఏమీ మిగలదు. నేను చూసిన కేసుల్లో ఎక్కువ నష్టం ఇక్కడే జరిగింది.

పాపను మళ్లీ మళ్లీ అడగొద్దు, "మామ ఇలా చేశాడా" అని మీరే మాటలు అందించొద్దు, రేపు కోర్టులో నేర్పించి చెప్పించారంటారు. తను చెబితే వినండి. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయొద్దు, "నీకు సాయం చేసేవాళ్లకు మాత్రమే చెప్తా" అనండి. అన్న మాట అన్నట్టే, తెలుగులోనే, తేదీ టైముతో కాగితం మీద రాసి పెట్టుకోండి. టీచర్ల వాట్సాప్ గ్రూపులో ఒక్క ముక్క కూడా వద్దు.

మీ టెన్షన్ నాకు అర్థమవుతోంది. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద సివిల్ గానీ క్రిమినల్ గానీ కేసు నడవదని 19వ సెక్షన్లోనే ఉంది. శిక్ష పడేది కక్షతో కావాలని అబద్ధం చెప్పినవాళ్లకు.

పాపను మీ వెంట ఠాణాకు తీసుకెళ్లనక్కర్లేదు. వాంగ్మూలం ఇంటి దగ్గరో తను కోరుకున్న చోటో తీసుకోవాలి, వీలైనంతవరకు మహిళా ఎస్సై, యూనిఫాం లేకుండా. ఇంట్లో తీసుకుంటే మేనమామ తరఫువాళ్లు పక్కన కూర్చుంటారన్న సంగతి ముందే చెప్పండి. పోలీసులు 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీకీ ప్రత్యేక కోర్టుకూ తెలపాలి. పాపకు తెలుగు తప్ప రాదు, అక్కడ రాసేది మరాఠీలో, కాబట్టి అనువాదకుడు కావాలని మీ ఫిర్యాదులోనే రాయండి, అది చట్టం ఇచ్చిన హక్కు. ఆ అనువాదం మీరు చేయకండి, మీరు రేపు సాక్షి అవుతారు. ఫిర్యాదు రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద ఎంట్రీ నంబరు వేయించుకున్నాకే బయటికి రండి.