లైఫ్ జాకెట్ వేసుకుంటే వరద గోదావరిలో పడవ ఎక్కొచ్చా?

ఎక్కకూడదు, లైఫ్ జాకెట్ మనిషిని తేలుస్తుంది గానీ, ప్రవాహం ఈడ్చుకుపోకుండా ఆపలేదు.

నీటి వేగం రెండింతలైతే అది పడవను తోసే బలం దాదాపు నాలుగింతలవుతుంది. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 10 లక్షల క్యూసెక్కులకు. అంటే సెకనుకు సుమారు 2.8 కోట్ల లీటర్లు కిందికి పోతున్నట్టు. అందులో చిన్న పడవ ఇంజన్ ఆగిందా, ఇక తెడ్డు పేరుకే.

కోనసీమలో ఒక లంక మునిగిందనుకోండి. కొబ్బరి మొదళ్లు, పడిపోయిన కొమ్మలు, తోట చుట్టూ ముళ్లకంచె అన్నీ నీళ్ల మాటున ఉంటాయి. వాటి సందుల్లోంచి నీళ్లు దూరిపోతాయి, మనిషి దూరలేడు. వెనక నుంచి తోసే నీరు అతన్ని కంచెకు అదిమిపెడుతుంది. తల మునిగిందంటే జాకెట్ కూడా పైకి లేపలేదు, పైగా దాని పట్టీయే కొమ్మకు చిక్కుకోవచ్చు. కొండవాగుల్లో రాఫ్టింగ్ చేసేవాళ్లు కూలిన చెట్టును చూసి అంత భయపడేది ఇందుకే.

‘మన దగ్గర రాళ్లు లేవు, గోదారి పైకి నున్నగానే ఉంది కదా’ అనుకోవడమే చాలామంది చేసే పొరపాటు. అలా కనిపించేది లోతు ఎక్కువ కాబట్టి, అంతేగానీ వేగం తగ్గి కాదు. కొట్టుకొచ్చే గుర్రపుడెక్కను ఒక్క నిమిషం చూడండి, తెలిసిపోతుంది. అధికారులు బోటులో తరలిస్తుంటే మాత్రం ఎక్కాల్సిందే, అప్పుడు జాకెట్ తప్పనిసరి.