నాలుగెకరాల ఇరవై గుంటలు

అల్లుడూ,

దేవరకొండ దగ్గర కంకర క్వారీకి పర్యావరణ అనుమతి (ఈసీ) కోసం పెట్టుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. ఆఫీసుల్లో ఫైలు కదలదేమోనని ఇప్పటినుంచే దిగులు పడుతున్నావట. ముప్పై ఏళ్లు ఈ ఫైళ్లతోనే బతికినవాణ్ణి, నా మాట విను. చాలా ఫైళ్లు ఆఫీసు గడప తొక్కకముందే చిక్కుపడి ఉంటాయి.

ఒక క్వారీ యజమానికి నేనే పెట్టించిన ఫైలు సంగతి చెప్తా. పాసుబుక్కులో విస్తీర్ణం 4.20. అంటే నాలుగెకరాల ఇరవై గుంటలు. నలభై గుంటలకు ఎకరం, కాబట్టి నాలుగున్నర ఎకరాలు, 1.82 హెక్టార్లు. మైనింగ్ ప్లాన్ తయారుచేసినాయన దాన్ని దశాంశం అనుకుని 1.70 హెక్టార్లు వేశాడు. నేనూ సరిచూడకుండా పర్యావరణ అనుమతుల దరఖాస్తులు తీసుకునే పరివేష్ పోర్టల్‌లో ఎక్కించేశాను. లీజు కాగితంలో ఒక అంకె, ప్లాన్‌లో ఇంకో అంకె. ఫైలు వెనక్కొచ్చింది, ప్లాన్ మళ్లీ ఆమోదించుకోవాల్సి వచ్చింది. ఆ నెలల్లో ఆ మనిషి మిషన్ల మీద కట్టిన కిస్తీలు తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

అందుకే ముందు ఒక తెల్లకాగితం తీసుకో. సర్వే నంబరు, విస్తీర్ణం ఎకరాల్లోనూ హెక్టార్లలోనూ, హద్దు రాళ్ల అక్షాంశ రేఖాంశాలు, ఏడాదికి తీసే రాయి ఎంతో నీ చేత్తో రాసుకో. ఏ కాగితమైనా దాంతో కలిశాకే అప్‌లోడ్ చెయ్యి.

తర్వాత నీ హద్దు నుంచి 500 మీటర్లలో ఇంకెవరి క్వారీలున్నాయో చూడు. అన్నీ కలిపి ఐదు హెక్టార్లు దాటితే క్లస్టర్ కింద, అంటే ఒకే గుంపుగా లెక్కేస్తారు. అప్పుడు పర్యావరణ ప్రభావ నివేదిక, ప్రజాభిప్రాయ సేకరణ తప్పవు. నివేదికకు వానాకాలం కాని ఒక సీజన్ పాటు గాలి, నీళ్లు, చప్పుడు కొలవాలి. ఎండాకాలం చేజారితే వానలు వెళ్లేదాకా ఆగాల్సిందే. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ కూడా పరీక్ష చేయించు. నల్లగొండ జనం ఆ మాట అడగకుండా ఉండరు, అడగడం వాళ్ల హక్కు. అధ్యయనం చాలలేదని 2022లో పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ దామరచర్లలోని 4000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం అనుమతినే ఆపి, అదనపు అధ్యయనాలు చేయమంది. ఇక మనమెంత?

చందంపేట వైపు స్థలమైతే అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఎంత దూరమో అటవీశాఖను ముందే అడుగు. ఈసీ చేతికొచ్చినా కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి వేరే తీసుకోవాలి. అవి రాకముందు గుట్ట మీద జేసీబీ పెట్టకు.

ఆదివారం పాసుబుక్కు, గ్రామ నక్ష పట్టుకుని ఇంటికి రా. హద్దులు కొలిచొద్దాం, టేపు నా దగ్గరుంది.

మీ మామ