బోయింక్‌లో ఇంటెల్ గ్రాఫిక్స్ టాస్కులు నత్తనడక నడుస్తుంటే ప్రయారిటీ పెంచితే ఫలితం ఉంటుందా?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: ఐ5-8250యూ ల్యాప్‌టాప్, యూహెచ్‌డీ 620 గ్రాఫిక్స్, 8 జీబీ ర్యామ్ ఒకే స్టిక్, విండోస్ 10. బోయింక్‌లో (ఖాళీగా ఉన్న కంప్యూటర్‌ను సైన్సు లెక్కలకు ఇచ్చే ప్రోగ్రాము) ఐన్‌స్టీన్ ఎట్ హోమ్ అనే ప్రాజెక్టు వాళ్ల పల్సార్ నక్షత్రాల వెతుకులాట టాస్కులు గ్రాఫిక్స్ మీదా, ఇంకో ప్రాజెక్టు టాస్కులు సీపీయూ మీదా నడుస్తున్నాయి. సీపీయూ టాస్కులు ఆపేస్తే గ్రాఫిక్స్ టాస్కు చకచకా సాగుతుంది, మళ్లీ మొదలుపెట్టగానే చతికిలబడుతుంది. టాస్క్ మేనేజర్‌లో ప్రయారిటీ 'హై' చేస్తే బాగుపడుతుందా? 'రియల్‌టైమ్' పెట్టొచ్చా?

రియల్‌టైమ్ వద్దు. హై చేస్తే బాగుపడవచ్చు, కానీ మీ నెమ్మదికి కారణం ఫలానా అని తేలితేనే. అది తేల్చుకోవడానికి పది నిమిషాల పని ఉంది, ముందు అది చెయ్యండి.

బోయింక్ మేనేజర్ సెట్టింగుల్లో 'ఇన్ని శాతం సీపీయూలు మాత్రమే వాడు' అన్న గడి ఉంటుంది. మీ ప్రాసెసర్‌లో 4 కోర్లు, 8 థ్రెడ్లు, అంటే ఒకేసారి 8 సీపీయూ టాస్కులు నడవగలవు. దాన్ని 100 నుంచి 88కి తగ్గించండి. 87 పెడితే లెక్క 6.96 వస్తుంది, బోయింక్ దశాంశాన్ని కొట్టేసి 6 థ్రెడ్లే తీసుకుంటుంది, అందుకే 88. ఇప్పుడు 7 నడుస్తాయి. గ్రాఫిక్స్ టాస్కు ఒక శాతం ముందుకు కదలడానికి ఎంతసేపు పడుతోందో చూసి రాసుకోండి. తర్వాత 75 పెట్టి 6 థ్రెడ్లతో, 50 పెట్టి 4 థ్రెడ్లతో అదే కొలత తీసుకోండి. 8 నుంచి 7కి దిగగానే ఒక్కసారి వేగం పుంజుకుని, ఆ తర్వాత పెద్దగా మారకపోతే, జీపీయూకి (గ్రాఫిక్స్ చిప్పుకి) పని అందించే థ్రెడ్డుకు సీపీయూ సమయానికి దొరకడం లేదని అర్థం. ప్రయారిటీ మందు ఈ జబ్బుకే. అలా కాకుండా 8, 7, 6, 4 అని దిగేకొద్దీ వేగం మెట్లు మెట్లుగా పెరుగుతూ పోతే, అది మెమరీ బ్యాండ్‌విడ్త్ (సెకనుకు ర్యామ్ అందించగల డేటా) కొరతో కరెంటు వాటా కొరతో. అక్కడ ప్రయారిటీ ఎంత పెంచినా పావలా ఉపయోగం ఉండదు.

ఈ తేడా ఎందుకు వస్తుందంటే, ఓపెన్‌సీఎల్ (జీపీయూతో లెక్కలు చేయించే పద్ధతి) ప్రోగ్రాములో జీపీయూ తనంతట తాను ఏ పనీ అందుకోదు. సీపీయూ మీద ఒక థ్రెడ్డు డేటా సిద్ధం చేసి, కెర్నెళ్లను (జీపీయూ చేయాల్సిన చిన్న చిన్న పనులను) వరసలో పెట్టి, అవి ముగిసేదాకా చూసి, ఫలితం తీసుకుని మళ్లీ తర్వాతివి పెట్టాలి. పెళ్లి పంక్తిలో వడ్డించేవాడి లాంటి థ్రెడ్డు అది. వాడు వంటగదిలో ఇరుక్కుపోతే విస్తరి ముందు కూర్చున్నవాళ్లు ఎంత ఆకలితో ఉన్నా తినేదేమీ ఉండదు. మీరు మార్చే ప్రయారిటీ ఈ వడ్డించేవాడిదే, జీపీయూది కాదు. టాస్క్ మేనేజర్‌లోని ఆ మెనూ జీపీయూ లోపలి వరసను ముట్టుకోదు. చాలామంది పొరబడేది ఇక్కడే.

బోయింక్ మామూలుగా సీపీయూ టాస్కులను అట్టడుగు ప్రయారిటీలో, జీపీయూ టాస్కులను దానికంటే ఒక మెట్టు పైన నడుపుతుంది. విండోస్ లెక్కలో అట్టడుగుది 4, 'బిలో నార్మల్' 6, 'నార్మల్' 8, 'అబోవ్ నార్మల్' 10, 'హై' 13, 'రియల్‌టైమ్' 24. పై అంకె ఉన్న థ్రెడ్డు లేవగానే కింది అంకె థ్రెడ్డు పక్కకు తప్పుకోవాల్సిందే. ఆ ప్రకారం 6లో ఉన్న జీపీయూ టాస్కు 4లో ఉన్నవాటి చేతిలో ఎప్పుడూ ఆగిపోకూడదు కదా? వాటి చేతిలో ఆగదు. ఆగేది 8లో ఉన్న బ్రౌజర్, యాంటీవైరస్ లాంటి వాటి దగ్గరా, 6లోనే ఉన్న తోటి టాస్కుల దగ్గరా. సమాన అంకె ఉన్న థ్రెడ్లు వంతులవారీగా నడుస్తాయి, ఒక్కో వంతు పదుల మిల్లీసెకన్లు. కొన్ని మిల్లీసెకన్లలో ముగిసే కెర్నెళ్లున్న ప్రోగ్రాముకు ఒక వంతు ఆలస్యమంటే ఎన్నో కెర్నెళ్ల సమయం పోయినట్టే.

టాస్క్ మేనేజర్ 'డీటెయిల్స్' ట్యాబులో కాలమ్ పేర్ల మీద రైట్ క్లిక్ చేసి 'బేస్ ప్రయారిటీ' కాలమ్ చేర్చుకోండి. జీపీయూ టాస్కు ఏ మెట్టులో ఉందో, దాని పక్కన ఇంకేవి అదే మెట్టులో ఉన్నాయో అక్కడే కనిపిస్తాయి.

టాస్క్ మేనేజర్‌లో చేత్తో మార్చిన ప్రయారిటీ ఆ ఒక్క టాస్కు ముగిసేదాకానే. తర్వాతి టాస్కు కొత్త ప్రాసెస్‌గా మొదలై మళ్లీ 6కే వస్తుంది. ప్రయోగానికి సరే, శాశ్వతంగా కావాలంటే సీసీ కాన్ఫిగ్ అనే ఎక్స్‌ఎంఎల్ ఫైలు కావాలి. అది సీ డ్రైవ్‌లో ప్రోగ్రామ్‌డేటా కింద ఉన్న బోయింక్ ఫోల్డరులో ఉంటుంది. ప్రోగ్రామ్‌డేటా దాచిన ఫోల్డరు కాబట్టి ఎక్స్‌ప్లోరర్‌లో దాచినవి చూపించమని టిక్ పెట్టాలి. ఫైల్లో బయటి ట్యాగు సీసీ కాన్ఫిగ్, దాని లోపల ఆప్షన్స్, ఆప్షన్స్ లోపల 'ప్రాసెస్ ప్రయారిటీ స్పెషల్' అనే ట్యాగు పెట్టి అందులో అంకె రాయాలి. ట్యాగు పేర్లన్నీ ఇంగ్లీషు చిన్నక్షరాల్లో ఉండాలి, పదాల మధ్య ఖాళీకి బదులు అండర్‌స్కోర్ పెట్టాలి. ఇక్కడి అంకెలు విండోస్ అంకెలు కావు: 0 అట్టడుగు, 1 బిలో నార్మల్, 2 నార్మల్, 3 అబోవ్ నార్మల్, 4 హై, 5 రియల్‌టైమ్. ఏమీ రాయకపోతే 1 రాసినట్టే. 'స్పెషల్' లేకుండా ఉత్త 'ప్రాసెస్ ప్రయారిటీ' అని ఇంకో ట్యాగు ఉంది, అది సీపీయూ టాస్కులది. దాన్ని ముట్టుకోవద్దు. రెండూ కలిపి పెంచితే మళ్లీ మొదటికే వస్తారు.

నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసేటప్పుడు 'ఆల్ ఫైల్స్' ఎంచుకోకపోతే పేరు చివర టీఎక్స్‌టీ అంటుకుంటుంది, బోయింక్ ఆ ఫైలును అసలు చూడదు. సేవ్ చేశాక బోయింక్‌ను మేనేజర్‌తో పాటు క్లయింటును (వెనక నడిచే అసలు ప్రోగ్రామును) కూడా పూర్తిగా మూసి తెరవండి. 'రీడ్ కాన్ఫిగ్ ఫైల్స్' నొక్కినా చదువుతుంది గానీ అప్పటికే నడుస్తున్న టాస్కు పాత మెట్టులోనే ఉంటుంది, దాన్ని చూసి సెట్టింగ్ పనిచేయలేదనుకుంటారు. కంట్రోల్, షిఫ్ట్, ఇ కలిపి నొక్కితే ఈవెంట్ లాగ్ వస్తుంది. ట్యాగు పేరులో తప్పుంటే అక్కడ ఫిర్యాదు కనిపిస్తుంది.

ఇక అంకె ఎంత? 2తో మొదలుపెట్టండి. బ్రౌజరుతో సమానమవుతుంది, చాలా ల్యాప్‌టాపుల్లో అంతే చాలు. వీడియో చూసేటప్పుడు, అప్‌డేట్లు దిగేటప్పుడు ఇంకా పడిపోతుంటే 3. 4 దాకా వెళ్లేముందు ప్రాజెక్టు వెబ్‌సైటులో మీ ముగిసిన టాస్కుల జాబితా తెరిచి 'రన్ టైమ్', 'సీపీయూ టైమ్' రెండూ పోల్చండి. సీపీయూ టైమ్ రన్ టైమ్‌లో కొద్ది భాగమే అయితే వడ్డించే థ్రెడ్డు ఎక్కువసేపు నిద్రలోనే ఉంటోంది, దానికి 'హై' ఇచ్చినా ఎవరికీ ఇబ్బంది లేదు. రెండూ దాదాపు సమానమైతే ఆ థ్రెడ్డు నిద్రపోకుండా 'అయిందా, అయిందా' అని జీపీయూని అడుగుతూ తిరుగుతోంది. దానికి 'హై' ఇస్తే ఒక థ్రెడ్డును రాసిచ్చినట్టే. రియల్‌టైమ్ ఇస్తే విండోస్ సొంత పనులు కూడా దాని వెనక నిలబడాలి, మౌసు, కీబోర్డు మొరాయించడం అక్కడి నుంచే. పైగా అడ్మినిస్ట్రేటర్ హక్కు లేకుండా రియల్‌టైమ్ అడిగితే విండోస్ చడీచప్పుడు లేకుండా హై ఇస్తుంది. 'రియల్‌టైమ్ పెట్టినా ఏమీ కాలేదు' అనేవాళ్లలో కొందరి సంగతి ఇదే.

ఈ ట్యాగులో ఒక మెలిక ఉంది. 'స్పెషల్' అంటే జీపీయూ టాస్కులే కాదు, రేపర్ ప్రోగ్రాముతో (వేరే ప్రోగ్రామును బోయింక్ కింద నడిపే తొడుగు లాంటిది) నడిచే టాస్కులు కూడా. మీ రెండో ప్రాజెక్టు రేపర్ వాడేదైతే దాని టాస్కులు కూడా పైకెక్కి జీపీయూ పక్కనే కూర్చోవచ్చు. బేస్ ప్రయారిటీ కాలమ్ చూస్తే తెలిసిపోతుంది. అలా జరిగితే ఈ ట్యాగును తీసేసి, ప్రాసెస్ లాసో లాంటి ప్రోగ్రాములో ఆ ఒక్క జీపీయూ ప్రోగ్రాము పేరుకే శాశ్వత ప్రయారిటీ పెట్టుకోవడం మేలు.

ప్రయారిటీ కంటే ముందు ఒక థ్రెడ్డు ఖాళీ ఉంచడమే నేను చెప్పే మాట. శాతం గడితో కాకుండా పద్ధతిగా చేయాలంటే, ఐన్‌స్టీన్ ప్రాజెక్టు ఫోల్డరులో యాప్ కాన్ఫిగ్ ఫైలు పెట్టి, ఆ యాప్‌కి 'జీపీయూ యూసేజ్' 1.0, 'సీపీయూ యూసేజ్' 1.0 అని రాయండి. అప్పుడు జీపీయూ టాస్కు నడిచినంతసేపూ బోయింక్ ఒక సీపీయూ టాస్కును తగ్గిస్తుంది, జీపీయూ పని లేనప్పుడు ఎనిమిదీ నడుపుతుంది. 0.5 రాసి ఊరుకుంటే ఒకే జీపీయూ టాస్కు ఉన్న మీకు ఏ థ్రెడ్డూ ఖాళీ కాదు. ఈ అంకె బోయింక్ లెక్క కోసమే, టాస్కు నిజంగా ఎంత సీపీయూ వాడాలో ఇది నిర్ణయించదు. యాప్ పొట్టి పేరు తెలియకపోతే ఏదో ఒక పేరు రాసి చదివించండి. ఆ పేరు తెలియదంటూ ఈవెంట్ లాగే సరైన పేర్ల జాబితా చూపిస్తుంది.

లినక్స్ వాళ్లకు లెక్క వేరు. అక్కడ ప్రయారిటీ అంకె పేరు నైస్, అది తగ్గేకొద్దీ ప్రయారిటీ ఎక్కువ. సీపీయూ టాస్కులు నైస్ 19, జీపీయూ టాస్కులు నైస్ 10. విండోస్‌లోలా పై మెట్టువాడు కిందివాణ్ని పూర్తిగా తోసేయడం ఉండదు, బరువులను బట్టి పంపకం. నైస్ 0 బరువు 1024, నైస్ 10ది 110, నైస్ 19ది 15. ఒకే కోర్ మీద నైస్ 10, నైస్ 19 తలపడితే నైస్ 10కి 88 శాతం దక్కుతుంది. అదే నైస్ 0 ప్రోగ్రాముతో తలపడితే పదో వంతు కూడా మిగలదు. డెబియన్, ఉబుంటులలో బోయింక్ సర్వీసే నైస్ 10తో మొదలవుతుంది, రూట్ కాని యూజర్ నైస్ అంకెను తగ్గించలేడు. అందుకే అక్కడ కాన్ఫిగ్ ఫైల్లో 2 రాసినా కదలిక ఉండకపోవచ్చు. సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్‌తో ఆ సర్వీసుకు నైస్ 0 అని రాసి మళ్లీ మొదలుపెట్టాలి. ముందుగా రూట్‌గా రీనైస్ కమాండుతో నడుస్తున్న టాస్కు మీద పరీక్షించి, తేడా కనిపిస్తేనే ఇంత దూరం వెళ్లండి. లినక్స్‌లో బోయింక్ మీ ఇంటెల్ గ్రాఫిక్స్‌ను అసలు గుర్తించకపోతే అది ప్రయారిటీ గొడవ కాదు. ఇంటెల్ ఓపెన్‌సీఎల్ ప్యాకేజీ లేకపోవడమో, బోయింక్ యూజర్ 'రెండర్' గ్రూపులో లేకపోవడమో అయి ఉంటుంది.

ఇప్పుడు ఆ రెండో రకం జబ్బు. మెట్లు మెట్లుగా వేగం పెరిగిందంటే నేను ముందు మీ ర్యామ్‌నే అనుమానిస్తాను. ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ లేదు, సీపీయూతో పంచుకోవాలి. డీడీఆర్4-2400 ఒక్క స్టిక్ అయితే సెకనుకు 19.2 జీబీ, రెండు స్టిక్కులు రెండు ఛానెళ్లలో ఉంటే 38.4. పల్సార్ వెతుకులాటలో పెద్ద పెద్ద ఎఫ్ఎఫ్‌టీలు (సిగ్నల్‌ను ఫ్రీక్వెన్సీలుగా విడదీసే లెక్కలు) ఉంటాయి, అవి బ్యాండ్‌విడ్త్‌ను తాగేస్తాయి. పక్కన ఏడు సీపీయూ టాస్కులు అదే దారిలో తోసుకుంటుంటే జీపీయూ 100 శాతం బిజీగా కనిపిస్తూనే నెమ్మదిగా నడుస్తుంది. మీ ల్యాప్‌టాప్‌లో రెండో స్లాటు ఉంటే అదే వేగం, అదే సైజు స్టిక్ ఇంకొకటి వేయడం ఏ సెట్టింగ్ కంటే ఎక్కువ మేలు చేస్తుంది.

రెండోది కరెంటు వాటా. ఈ చిప్ మొత్తానికి 15 వాట్లు, సీపీయూ, గ్రాఫిక్స్ రెండూ అందులోంచే. అన్ని థ్రెడ్లూ నిండితే గ్రాఫిక్స్ క్లాక్ తన గరిష్ఠ 1.1 గిగాహెర్ట్జ్ దగ్గర నిలవదు. విండోస్‌లో హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో, లినక్స్‌లో ఇంటెల్ జీపీయూ టాప్‌లో క్లాక్ చూస్తే తెలుస్తుంది. మందు ఒకటే, సీపీయూ టాస్కులు 4కి తగ్గించడం. మే నెలలో బెజవాడలోనో రామగుండంలోనో పరుపు మీద పెట్టి నడిపే ల్యాప్‌టాపుకైతే 15 వాట్ల దాకా కూడా వెళ్లనక్కర్లేదు, వేడికే క్లాక్ దిగిపోతుంది. అన్నట్టు, గోడ ప్లగ్గు దగ్గర 30 వాట్లు లాగే యంత్రం నెలంతా ఆపకుండా నడిస్తే 21.6 యూనిట్లు. స్లాబు అంచున ఉన్న ఇళ్లవాళ్లు అది చూసుకోవాలి.

'కంప్యూటర్ వాడుతున్నప్పుడు జీపీయూ పని ఆపు' అన్న టిక్ కూడా చూడండి. మామూలుగా అది పెట్టే ఉంటుంది. ఆపినప్పుడు సీపీయూ టాస్కును మెమరీలో ఉంచొచ్చు గానీ జీపీయూ టాస్కును బోయింక్ ఎప్పుడూ తీసేస్తుంది. మళ్లీ మొదలైనప్పుడు చివరి చెక్‌పాయింట్ (డిస్కులో చివరిసారి దాచుకున్న స్థితి) నుంచే. మీరు మౌసు కదిపిన ప్రతిసారీ ఆ మధ్య చేసిన పని పోతున్నట్టు లెక్క. టిక్ తీసేస్తే తెర కాస్త జర్క్ ఇవ్వవచ్చు, ఎందుకంటే ఆ తెర గీసేది కూడా ఈ గ్రాఫిక్సే. ఆ జర్క్ ప్రయారిటీ తగ్గిస్తే పోదు. ఒక కెర్నెల్ 2 సెకన్లు దాటి జీపీయూని వదలకపోతే విండోస్ డ్రైవర్‌నే రీసెట్ చేస్తుంది, టాస్కు ఎర్రర్‌తో పోతుంది. అలా పదే పదే అయితే జీపీయూ టాస్కులను రాత్రిపూటకు మాత్రమే పెట్టుకోవడం నయం.

ఏ మార్పు చేసినా ఒక్క టాస్కు చూసి తీర్పు ఇవ్వొద్దు. ఒక్కో సెట్టింగ్‌కు కనీసం పది టాస్కుల రన్ టైమ్ సగటు తీయండి, మధ్యలో ఇంకే సెట్టింగూ మార్చకండి. అదే పేజీలో 'ఇన్‌వాలిడ్' లెక్క కూడా గమనించండి. ఇంటెల్ డ్రైవర్ల కొన్ని వెర్షన్లలో టాస్కు చక్కగా ముగిసినా ఫలితం ఇతరుల ఫలితంతో కలవదు, క్రెడిట్ రాదు. అది పెరుగుతుంటే ప్రయారిటీ పక్కన పెట్టి ముందు డ్రైవర్ మార్చండి.