పద్మినికి అల్లాయ్‌లా, డిస్కులా? ముందు ఆ డ్రమ్ములు విప్పి చూడండి

హనుమకొండలో 1986 మోడల్ ప్రీమియర్ పద్మిని కారు ఉన్నది, 15 అంగుళాల అల్లాయ్ చక్రాలు, వాటి మీద వెడల్పు టైర్లు, పైసలు మిగిలితే ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు వేయిస్తాను, ఏది ముందు చేయాలి అని అడిగారు. మీరు రాసిన వరుసను తిరగేయండి. బ్రేకులు ముందు, ఆ తర్వాత టైర్లు, అల్లాయ్‌లు అన్నింటికంటే చివర. ఆగని బండికి పెద్ద చక్రం ఎక్కిస్తే బరువు పెరుగుతుంది, ఆపే బలం అంతే ఉంటుంది.

ఈ బండికి నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే, అంటే చక్రంతో తిరిగే డ్రమ్మును లోపలి నుంచి లైనింగు అతికించిన షూలు ఒత్తి ఆపుతాయి. "పద్మిని బ్రేకు ఇంతే" అనే మాట ఎక్కువసార్లు తప్పు. ఏళ్ల తరబడి విప్పని డ్రమ్ముల మీద వేసే నింద అది. డ్రమ్ము ఊడదీయగానే ఎయిర్ పైపుతో దుమ్ము ఊదనీయకండి. పాత లైనింగుల్లో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ ఉండొచ్చు, తడి గుడ్డతో తుడవాలి. తర్వాత షూలను తోసే వీల్ సిలిండర్ రబ్బరు టోపీని కొంచెం వెనక్కి మలిచి చూడండి. లోపల తడి కనిపిస్తే ఆయిల్‌ను ఆపే రబ్బరు కప్పులు పోయినట్టే. సిలిండర్ లోపలి బోరులో తుప్పు గుంటలుంటే కొత్త కప్పులు వేసినా నెల రోజుల్లో మళ్లీ కారుతుంది, కాబట్టి సిలిండరే మార్చాలి. వెనక షూలు జిడ్డుగా ఉంటే, అది యాక్సిల్ ఆయిలా, బ్రేక్ ఆయిలా తేల్చుకోండి. యాక్సిల్ ఆయిల్ చిక్కగా, ఘాటు వాసనతో ఉంటుంది. సీల్ మార్చకుండా షూలు మారిస్తే ఆ డబ్బు దండగ. ఆయిల్ తాగిన లైనింగును పెట్రోలుతో కడిగినా, మంట మీద కాల్చినా మళ్లీ పట్టు రాదు. తీసేయాల్సిందే.

డ్రమ్ము లోపలి వ్యాసాన్ని రెండు మూడు చోట్ల కొలవాలి. కొలతల్లో తేడా వస్తే గుండ్రం పోయినట్టు, పెడల్ కాలి కింద ఎగిరెగిరి పడేది అందుకే. లేత్ మీద తీయించేటప్పుడు మొత్తం వ్యాసం 1 మి.మీ. కంటే ఎక్కువ పెరగకూడదు. డ్రమ్ము మీద గరిష్ఠ కొలత ముద్రించి ఉంటే దాన్నే పాటించండి. ఒకే యాక్సిల్ మీద ఎడమ, కుడి డ్రమ్ములు ఒకే కొలతకు రావాలి. లేకుంటే బ్రేకు తొక్కగానే బండి ఒక పక్కకు లాగుతుంది.

చాలామంది వదిలేసే పని ఒకటున్నది. డ్రమ్ము తీయించాక మామూలు షూ వేస్తే నడుమనే తగులుతుంది, ఎందుకంటే డ్రమ్ము వంపు పెద్దదైంది, షూ వంపు పాతదే. లైనింగు మీద సుద్దముక్క రుద్ది, డ్రమ్ము ఎక్కించి, అడ్జస్టర్ కొంచెం బిగించి చేత్తో రెండు మూడు చుట్లు తిప్పండి. మళ్లీ విప్పి చూస్తే సుద్ద ఎక్కడ చెరిగిందో అక్కడే పట్టు ఉన్నట్టు. నడుమ రెండు వేళ్ల వెడల్పులోనే చెరిగితే లైనింగును వంపుకు తగ్గట్టు రుద్దించాలి. ముప్పాతిక వంతు చెరిగేదాకా ఈ పని వదలొద్దు. పెడల్ బలంలో కనిపించే తేడా ఎక్కువగా ఇక్కడే వస్తుంది.

బ్రేక్ ఆయిల్ పోయే రబ్బరు హోస్‌లు ముందు రెండు, వెనక ఒకటి, మూడూ ఒకేసారి మార్చండి. పైకి బాగానే కనిపించినా లోపల వాచి ఆయిల్‌ను వెనక్కి రానీయవు. తొక్కి వదిలాక కూడా చక్రం పట్టుకునే ఉంటే మెకానిక్ మాస్టర్ సిలిండర్‌ను (పెడల్ తొక్కితే ఆయిల్‌ను తోసేది) అనుమానిస్తాడు, చాలాసార్లు దోషం హోస్‌ది. బ్రేక్ ఆయిల్ డాట్ 3 గ్రేడు గానీ డాట్ 4 గ్రేడు గానీ వాడొచ్చు. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కి ఇవి 230, 155. మన వానకాలపు తేమకు రెండేళ్లకోసారి మార్చడం తప్పనిసరి. బ్రేకు పైపుల్లోంచి గాలి తీసేటప్పుడు మాస్టర్‌కు దూరంగా ఉన్న వెనక ఎడమ చక్రంతో మొదలుపెట్టి, వెనక కుడి, ముందు ఎడమ, చివరికి ముందు కుడి.

ఇంత చేశాక కూడా డిస్కులు కావాలనిపిస్తే వేయించండి, తప్పు లేదు. కానీ వేరే బండి డిస్కు, దాన్ని ప్యాడ్లతో పట్టే కాలిపర్ తెచ్చి తగిలిస్తే పని అయిపోదు. డ్రమ్ముల కోసం చేసిన మాస్టర్‌లో పైపుల్లో కొంచెం ఒత్తిడి నిలిపి ఉంచే వాల్వు ఉంటుంది. డిస్కుకు అదే వాల్వు ఉంటే ప్యాడ్లు ఎప్పుడూ రాసుకుంటూ ఉంటాయి. జనగామ దాకా పోయేసరికి హబ్బు చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. డ్రమ్ములాగా డిస్కు తనంతట తాను బిగుసుకోదు, కాబట్టి కాలి బలాన్ని పెంచే వాక్యూమ్ బూస్టర్ కూడా కావాలి. పాత బండ్లలో బ్రేకు లైను ఒకటే సర్క్యూట్. ఎక్కడ కారినా నాలుగు చక్రాలూ పోతాయి. అందుకే, డిస్కు వేయకున్నా సరే, రెండు సర్క్యూట్ల మాస్టర్ మార్పు మాత్రం చేయించండి, నా లెక్కన డిస్కు కంటే అదే విలువైన ఖర్చు. మాస్టర్ బోరు పెంచితే పెడల్ తక్కువ దిగుతుంది, కానీ గట్టిబడుతుంది. 19.05 మి.మీ. నుంచి 20.64కి పోతే కాలికి సుమారు 17 శాతం ఎక్కువ బలం కావాలి. కాలిపర్ బ్రాకెట్‌ను నకిల్‌కు (ముందు చక్రాన్ని మోసే ఇనుప భాగానికి) వెల్డింగ్ చేస్తానని ఎవరన్నా అంటే అక్కడి నుంచి బండి తీసుకొని వచ్చేయండి. వెల్డింగ్ వేడికి అక్కడి ఇనుము పెళుసుబారి పగిలిపోతుంది. బ్రాకెట్ బోల్టుల మీదే నిలబడాలి.

ఇక టైర్లు. మీ బండికి మొదట వచ్చిన సైజు 5.20-14, పాతరకం క్రాస్‌ప్లై, ఎత్తు సుమారు 610 మి.మీ. దీనికి దగ్గరగా సులువుగా దొరికే ఇప్పటి రకం రేడియల్ టైరు 165/80 ఆర్14, స్విఫ్ట్‌కు వాడే సైజు, ఎత్తు 620 దగ్గర. రిమ్ము మీద ముద్ర చూడండి. వెడల్పు 4 అంగుళాల కంటే తక్కువుంటే ఈ టైరు వద్దు. 175/65 ఆర్14 ఎత్తు 583 మాత్రమే, మీటరు 80 చూపిస్తే అసలు వేగం 76. మీరనుకున్న 15 అంగుళాల్లో 185/60 వేస్తే ఎత్తు 603 వస్తుంది, మీటరుకు ఇబ్బంది లేదు. కానీ టైరు పక్క గోడ (సైడ్‌వాల్) ఎత్తు 165/80కి ఉండే 132 నుంచి 111 మి.మీ.కి తగ్గుతుంది. గుంతల దారిలో ఆ దెబ్బ రిమ్ముకూ నడుముకూ తగులుతుంది. పవర్ స్టీరింగ్ లేదు కాబట్టి పార్కింగ్‌లో భుజాలూ నొస్తాయి.

పాత రిమ్ములకు టైరు అంచు జారకుండా పట్టే గట్టు ఉండదు, కాబట్టి ట్యూబు లేకుండా వేయొద్దు, రేడియల్ ట్యూబే వేయించండి. టైరు మీద చివరి నాలుగు అంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. షాపులో నిల్వ ఉండి మన ఎండకు మగ్గిన టైరు కొత్తది అనిపించుకోదు. స్టెప్నీ కూడా అదే సైజు కొనండి. క్రాస్‌ప్లై, రేడియల్ ఒకే యాక్సిల్ మీద కలపొద్దు.

అల్లాయ్‌ల దగ్గర అందరూ పడే గుంత 98, 100 మి.మీ. తేడా. నాలుగు బోల్టుల చక్రంలో ఎదురెదురు రంధ్రాల కేంద్రాల నడుమ దూరాన్ని వర్నియర్‌తో కొలవండి. ఫియట్ పాలియోది 98, స్విఫ్ట్‌ది 100. 2 మి.మీ.యే కదా అని బిగిస్తే బోల్టులు వంకరగా కూర్చుంటాయి, స్టీరింగ్ వణుకుతుంది, బోల్టులు వదులవుతాయి. అల్లాయ్ మందం ఎక్కువ, పాత బోల్టు పొట్టిదవుతుంది. 12 మి.మీ. బోల్టు పిచ్ (మరల నడుమ దూరం) 1.25 మి.మీ. అయితే కనీసం 9, 10 చుట్లు తిరగాలి, అంతకు తక్కువైతే పొడవు బోల్టులు తెప్పించండి. స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి, వెనక సీట్లో ముగ్గురిని కూర్చోబెట్టి, టైరు ఎక్కడా తగలట్లేదని చూశాకనే డబ్బులివ్వండి.

15 ఏళ్లు దాటిన బండి కాబట్టి ఆర్‌సీ రెన్యువల్‌కు ఫిట్‌నెస్ చూస్తారు. తీసిన రిమ్ములు, డ్రమ్ములు అమ్మొద్దు, ఇంట్లో దాచండి. పని అయ్యాక మొదటి 50 కి.మీ.కి చక్రాల బోల్టులు ఎదురెదురుగా మళ్లీ బిగించి, పొద్దున్నే ఖాళీ దారిలో 40 వేగంతో పదిసార్లు ఆపి చూడండి. నాలుగు డ్రమ్ముల దగ్గరా చెయ్యి పెట్టండి. ఏది మిగతావాటి కంటే చల్లగా ఉంటే అది పని చేయట్లేదు, ఏది ఎక్కువ వేడిగా ఉంటే అది వదలట్లేదు.