సరస్సు అడుగు మట్టిని బట్టి వేల ఏళ్ల నాటి వానలు ఎలా తెలుస్తాయి?

సరస్సు అడుగున ఏళ్ల తరబడి పేరుకున్న మట్టి పొరల్లోని ఖనిజాలు, పుప్పొడి, ఆకుల మైనం ఆయా కాలాల్లో రుతుపవనాలు బలంగా ఉన్నాయో, బలహీనపడ్డాయో చెబుతాయి. వానలు దండిగా కురిస్తే వాగులు ఎక్కువ మట్టిని మోసుకొస్తాయి. కరవులో నీరు ఆవిరై, లవణాలు చిక్కబడి స్ఫటికాలవుతాయి. పుప్పొడిని చూస్తే చుట్టూ అడవి ఉండేదో, గడ్డి ఉండేదో అర్థమవుతుంది. పొరల వయసును వాటిలోని జీవ అవశేషాల్లో కాలంతో పాటు తగ్గుతూ పోయే కార్బన్-14 అనే రేడియోధార్మిక కార్బన్‌తో లెక్కిస్తారు.

మహారాష్ట్రలోని లోనార్ ఇందుకు చక్కని సరస్సు. ఉల్క పడిన గుంటలో ఏర్పడిన దీని నుంచి నీరు బయటకు పారే దారే లేదు, కాబట్టి వానల్లో తేడా వస్తే నీటి మట్టం, ఉప్పదనం వెంటనే మారిపోతాయి. అక్కడి మట్టిలో, నీరు ఆవిరై చిక్కబడినప్పుడు ఏర్పడే గేలుసైట్ అనే ఖనిజ స్ఫటికాలున్న పొరలను బట్టి సుమారు 4600 నుంచి 3900 ఏళ్ల క్రితం వరకు మధ్య భారతంలో దీర్ఘకాలం వానలు తగ్గాయని తేలింది.

ఒక్కో పొర ఒక్కో ఏడాదికి గుర్తని చాలామంది అనుకుంటారు. అలాంటి సరస్సులు అరుదు. అలలు, పురుగులు మట్టిని కలిపేస్తాయి కనుక ఫలానా ఏడాది ఇన్ని మిల్లీమీటర్లు కురిసిందని ఈ మట్టి చెప్పజాలదు. పూడిక తీసిన మన చెరువుల్లోనైతే పాత పొరలు మిగలనే మిగలవు.